జపాన్ పోతున్న మనోళ్లకు: లీచ్ ముచ్చట, రెండు మూడు పనికొచ్చే మాటలు

బతుకమ్మకని జపాన్ నుంచి హనుమకొండకొచ్చిన, మా గల్లీలనే ఇద్దరు పిల్లలకు టోక్యోల జాబొచ్చిందట, అన్నా ఏమేం తీస్కపోవాలె అని రోజూ అడుగుతున్నరు. సకినాలు, తొక్కు, చిన్న కుక్కర్ చాలు తమ్ముడు, బియ్యం ఆడ కూడా దొరుకుతయి. నేను చెప్పాలనుకున్నది వేరే, ఆ దేశంల మనుషులతోని ఎట్ల కలిసిపోవాలె అన్నది.

జపాన్ రగ్బీ టీంకు మైకేల్ లీచ్ అని కెప్టెన్ ఉండె. పుట్టింది న్యూజిలాండ్‌ల, వాళ్లమ్మది ఫిజీ. 2004ల, పదిహేనేండ్ల పిల్లగాడు, సప్పోరోల హైస్కూల్‌కొచ్చిండు. 2008ల జపాన్ జెర్సీ ఏసుకున్నడు, సిటిజన్‌షిప్ మాత్రం 2013ల తీస్కున్నడు. అదెట్ల అంటరేమో, రగ్బీల పాస్‌పోర్ట్ ముఖ్యం కాదు, ఆ దేశంల పుట్టకపోయినా, అమ్మానాన్న, తాత అమ్మమ్మ ఆ దేశపోళ్లు కాకపోయినా, వరుసగ ఇన్నేండ్లు ఆ దేశంల ఉంటే ఆడొచ్చు. అప్పుడు మూడేండ్లుండె, దాన్ని ఐదేండ్లు చేద్దామని 2017ల నిర్ణయం చేసిన్రు.

2015 వరల్డ్ కప్‌ల సౌతాఫ్రికా మీద మ్యాచ్ చూడున్రి. ఆఖరి నిమిషాలు, 32-29తోని జపాన్ ఎనుకవడ్డది, పెనాల్టీ దొరికింది, కిక్ కొడితే స్కోర్ సమానం. లీచ్ కిక్ వద్దన్నడు, స్క్రమ్ (రెండు టీంలు భుజాలు కలిపి నెట్టుకుంట బాల్ కోసం కొట్లాడేది) అడిగిండు, మూలకు హెస్కెత్ ట్రై ఏసిండు, అంటే బాల్‌ను గీత అవతల నేలకానిచ్చిండు, 34-32! ఆ హెస్కెత్ కూడా న్యూజిలాండ్ల పుట్టినోడే. నాకు ఇప్పటికీ ఆ స్క్రమ్ చూస్తే కండ్లల్ల నీళ్లొస్తయి.

నేనుండేది టోక్యో దిక్కున్న ఫుచూ అనే ఊర్ల, లీచ్ ఆడిన తోషిబా టీం ఊరు అదే. గని మొదటి రెండేండ్లు నాకు రూమ్, ఆఫీస్, మన తెలుగు దోస్తులు, గంతే, ఆ ఏండ్లన్ని ఊకెనే పోయినయి అనిపిస్తది. మీరట్ల చెయ్యకున్రి. అడ్రస్ దొరికిన 14 రోజులల్ల వార్డ్ ఆఫీస్‌కో సిటీ ఆఫీస్‌కో పోయి రిజిస్టర్ చేసుకోవాలె, ఎయిర్‌పోర్ట్‌ల ఇచ్చిన రెసిడెన్స్ కార్డ్ ఎప్పుడూ జేబుల ఉండాలె. భాష మాత్రం దిగిన నాటి సంది మొదలువెట్టున్రి.

ఓసారి ప్లాస్టిక్ చెత్త తీస్కపోయే నాడు నేను తడిచెత్త పెట్టిన, స్టిక్కర్ అంటిచ్చి ఆడనే ఇడ్సిపెట్టిన్రు. కిందింటి ముసలమ్మ నన్ను పిల్చి, గోడకున్న క్యాలెండర్ మీద వేలు పెట్టి, ఒక్కొక్క వారం సదివిచ్చింది, మోయెరు గోమి అంటే కాలే చెత్త. తెల్లారి ఆమెకు సకినాలిచ్చిన, నువ్వుల వాసన చూసి నవ్వింది. అప్పటి సంది రోజు పలకరిస్తది, నా జపనీస్ సగం ఆమె నేర్పిచ్చిందే.

సిటిజన్‌షిప్ సంగతి తొందరపడకున్రి, అది తీస్కుంటే మన ఇండియా పాస్‌పోర్ట్ ఇడ్సిపెట్టాల్సిందే, ఇంట్ల కూసొని మాట్లాడుకున్నంకనే.

ఆఫీసోళ్లు ఆదివారం ఆటకు పిలిస్తే మాత్రం పోవాలె, చిన్నప్పుడు కబడ్డీ ఆడినోళ్లకు రగ్బీ ట్యాకిల్ అంత కష్టమేం గాదు, బాల్ చేత్తోని ముందటికి ఇయ్యొద్దు, ఎనకకే. షూస్ లేకుంటే నా పాత జత ఉన్నది, దిగినంక ఫోన్ చెయ్యున్రి.