సంగీత్‌కి పాటలు కొంటున్నారా? ఫ్లాక్ జోలికి పోయే ముందు

కిందటేడాది మాఘమాసం ముహూర్తాల్లో గుంటూరు ఇన్నర్ రింగ్ రోడ్డులో డీజేగా ఒక సంగీత్ ఒప్పుకున్నాను. అద్దెకు తెచ్చిన ప్లేయర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టాను. పాటల పేర్లు కనబడుతున్నాయి, లోడ్ చేస్తే మాత్రం ఎర్రర్. పెళ్లికూతురి మేనమామ వచ్చి, "ఏమయ్యా, డబ్బులిచ్చింది నువ్వు నిలబడి చూడ్డానికా?" అన్నాడు. డబ్బు పెట్టి కొన్న పాటలే అవి. తప్పల్లా నాది, నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫార్మాట్ ఉంది కదా అని అన్నీ ఫ్లాక్‌లో దింపుకున్నా. పాత ప్లేయర్లు చాలావరకు ఫ్లాక్ చదవవు. పయోనీర్ కంపెనీ డీజే ప్లేయర్లు, అంటే సీడీజేల్లో 2016లో వచ్చిన నెక్సస్2 నుంచి అది ఆడుతుంది.

అందుకే ఇప్పుడు ఏఐఎఫ్ఎఫ్ అనే, సైజు కుదించని ఫార్మాట్‌లోనే కొంటాను. వేవ్ ఫార్మాట్ కూడా అదే నాణ్యత, కానీ పాట పేరు, ఆర్టిస్టు, కవర్ బొమ్మ అందులో సరిగా నిలవవు. చీకట్లో ‘ట్రాక్ 07’ అని కనబడితే ఏం చేస్తాం? సీడీ నాణ్యతలో ఆరు నిమిషాల పాట ఏఐఎఫ్ఎఫ్‌లో 60 ఎంబీ దాటుతుంది, కొంత ధ్వని వదిలేసి సైజు తగ్గించే ఎంపీ3లో, దాని పై నాణ్యత 320 కేబీపీఎస్‌లో, 14 ఎంబీ చిల్లర. ఇప్పటికే ఫ్లాక్‌లు కొన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు, ఏఐఎఫ్ఎఫ్‌గా మార్చుకుంటే ఏమీ పోదు. ఎంపీ3ని మారిస్తే మాత్రం సైజు పెరుగుతుందంతే. మజ్జిగని ఎంత పెద్ద గిన్నెలో పోసినా పెరుగవదు కదా.

హౌస్, టెక్నో లాంటి డాన్స్ పాటలు బీట్‌పోర్ట్ అనే సైట్‌లో దొరుకుతాయి. మన సినిమా పాటల కోసం అక్కడికి వెళ్లొద్దు. మామూలుగా అక్కడిచ్చేది ఎంపీ3. లాస్‌లెస్, అంటే ఏఐఎఫ్ఎఫ్ లాంటి నాణ్యత పోని ఫార్మాట్, కావాలంటే పాటకి కొంచెం ఎక్కువ పడుతుంది, డబ్బు కట్టే ముందే ఫార్మాట్ మార్చుకోవాలి. బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో ఆ గొడవ లేదు. ఒకసారి కొంటే ఫ్లాక్, ఏఐఎఫ్ఎఫ్, ఎంపీ3 ఏదైనా దింపుకోవచ్చు, తర్వాత ఇంకో ఫార్మాట్‌లో మళ్లీ కూడా. ఆ సంగీత్ మర్నాడు నేను చేసిన పని అదే. ఎక్కడ కొన్నా ‘ఎక్స్‌టెండెడ్ మిక్స్’ ఉందేమో చూడండి. మొదట్లో, చివర్లో వట్టి డ్రమ్స్ ఉంటాయి కాబట్టి ఇంకో పాటలోకి కలపడం తేలిక. రేడియో ఎడిట్, అంటే కుదించిన పాట, కొని నేను రెండుసార్లు నాలుక కరుచుకున్నాను.

ఇవి విదేశీ సైట్లు కాబట్టి, కార్డు ఫెయిలైందని టెన్షన్ పడకండి. 2020 నుంచి ఆర్‌బీఐ రూలు ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి లిమిట్ పెట్టుకోవాలి. నేను 2,000 పెట్టుకుని, కొనడం కాగానే ఆపేస్తాను. మారకం మీద బ్యాంకు చార్జీ, దాని మీద జీఎస్టీ కూడా పడతాయి, ఆ లెక్క వేసుకునే కొనండి.

దింపిన ఫైలు మీద అనుమానముంటే పాటలోని ధ్వనిని రంగుల బొమ్మగా చూపించే స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. రంగుల బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయిందంటే, అది ఎప్పుడో తక్కువ నాణ్యత 128 కేబీపీఎస్ ఎంపీ3గా ఉండి వేషం మార్చుకుందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఇప్పుడు ఏ ఫంక్షన్ ఉన్నా ముందురోజే సౌండ్ వాళ్లకి ఫోన్ చేసి ప్లేయర్ మోడల్ అడుగుతాను. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లోనే ఫార్మాట్ చేస్తాను. రెండోది చొక్కా జేబులో ఉంటుంది.