ఇంట్లో అల్లం సోడా – 4వ పాఠం: కెగ్గులో పులియబెట్టడం, గేజీని చదవడం

గత పాఠంలో తురిమిన అల్లం, చక్కెర, నీరు కలిపి తోడు తయారుచేసుకుని, చక్కెర వేసిన కొన్ని గంటల్లోనే నురగ పైకి వచ్చే దశ వరకు దాన్ని పోషించుకున్నాం. ఇప్పుడు ఆ తోడును స్టీలు కెగ్గులోని (పీడనాన్ని తట్టుకునే, మూత బిగించే పొడవాటి పాత్రలోని) అల్లం నీటికి కలిపి, మూత బిగించి, పులియబెట్టి, తగిన సమయంలో చల్లబరచడం నేర్చుకోవాలి. బీరును కెగ్గులో పులియబెట్టేవారు అనుసరించే పద్ధతి ఇదే. అయితే మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం చట్టరీత్యా నేరం కనుక, మద్యం మోతాదు అర శాతం దాటని అల్లం సోడాకే ఈ పాఠాలను పరిమితం చేస్తున్నాను. ఆ కొద్దిపాటి మద్యం కూడా వద్దనుకునేవారు, గర్భిణులు, చిన్నపిల్లలు దీనిని తాగకూడదు.

ముందుగా నీటి సంగతి. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. మరిగిస్తే అది పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది. కాబట్టి ఆర్‌ఓ నీటినే వాడండి. నాలుగు లీటర్ల నీటిలో 400 గ్రాముల దంచిన అల్లం, ఒక కిలో చక్కెర వేసి పావుగంట మరిగించి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టండి. ఈ వడపోతలో తొందరపడవద్దు, ఎందుకంటే కెగ్గు అడుగు వరకు దిగే పొడవాటి గొట్టంలో ఒక్క అల్లం పీచు ఇరుక్కున్నా పానీయం బయటకు రాదు. వడగట్టిన నీటిని కెగ్గులో పోసి, చల్లని ఆర్‌ఓ నీరు, పది నిమ్మకాయల రసం, ముప్పావు లీటరు తోడు చేర్చి మొత్తం 16 లీటర్లకు తీసుకురండి. తోడు కలిపేటప్పటికి వేడి 30 డిగ్రీలు మించి ఉండకూడదు. మన జిల్లాలో చీనీకాయలు చవకగా దొరుకుతాయి కనుక నిమ్మకు బదులు చీనీ రసం పోయాలని చాలామందికి అనిపిస్తుంది. కానీ చీనీ రసం నిలవ ఉన్నకొద్దీ చేదెక్కుతుంది, రోజుల తరబడి పులిసే పానీయానికి అది పనికిరాదు. నా సలహా నిమ్మకాయే.

19 లీటర్ల కెగ్గులో పైన మిగిలిన మూడు లీటర్ల ఖాళీ వృథా కాదు, నురగకూ గ్యాసుకూ ఆ చోటు కావాలి. మూత చుట్టూ ఉన్న రబ్బరు రింగుకు ఆహార పదార్థాలకు పనికివచ్చే గ్రీజును పలుచగా రాసి, మూతను బిగించి, గ్యాసు వైపున్న చిన్న గొట్టపు ముక్కుకు స్పండింగ్ వాల్వును తగిలించండి. పీడనాన్ని ముల్లుతో చూపే గేజీతో కలిసి వచ్చే ఈ వాల్వు, మనం నిర్ణయించిన పీడనం దాటగానే అదనపు గ్యాసును తనంతట తానే బయటకు వదులుతుంది. దానిని ఒక బారుకు, అంటే సుమారు 15 పీఎస్ఐకి, అమర్చండి (బారు, పీఎస్ఐ రెండూ పీడనపు కొలతలే). కెగ్గులో పీడనం కొంచెం పెరిగాక మూత మీది వాల్వు రింగును ఒక క్షణం లాగి వదిలితే లోపల మిగిలిన గాలి కొంత బయటకు పోతుంది. మొదటి రోజు ఇలా రెండు మూడుసార్లు చేయండి. మూత అంచు వెంట సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో కూడా చూడండి.

వాల్వు లేకుండా కెగ్గును మూసివేయడం ఎంత ప్రమాదకరమో ఒక లెక్క చెబుతుంది. తోడులో ఉండి పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్టు. అది ఒక గ్రాము చక్కెరను తింటే సుమారు అర గ్రాము కార్బన్ డయాక్సైడు పుడుతుంది. మనం వేసిన కిలో చక్కెర అంతా పులిస్తే దాదాపు 500 గ్రాముల గ్యాసు తయారై, 30 డిగ్రీల వేడిలో కెగ్గు లోపలి పీడనం ఇరవై బార్ల దరిదాపులకు చేరగలదు. ఈ రకం కెగ్గుల మీద సాధారణంగా ముద్రించి ఉండే గరిష్ఠ పరిమితి 130 పీఎస్ఐ, అంటే తొమ్మిది బార్లే. గాజు సీసాలలో ఈ పని అసలే చేయవద్దని మొదటి పాఠంలో గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఇక ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వద్దాం. గేజీ చూపే అంకెను వేడితో కలిపి చదవాలి, ఆ అంకె ఎప్పుడు మనకు సమాచారం ఇస్తుందో, ఎప్పుడు ఇవ్వదో తెలుసుకోవాలి. పీడనం ఒక బారుకు చేరేంతవరకు గేజీ నమ్మదగినదే. ముల్లు ఎంత ఎక్కితే అంత చక్కెర పులిసిందని అర్థం, అంతవరకు మద్యం అర శాతం లోపే ఉంటుంది. ఒక బారు దాటబోగానే వాల్వు తెరుచుకుంటుంది. అక్కడి నుంచి ముల్లు కదలకపోయినా లోపల పులియడం మాత్రం ఆగదు. తీపి తగ్గుతూ, మద్యం పెరుగుతూ ఉంటుంది. ముల్లు నిలిచింది కదా అని రెండు రోజులు ఊరుకున్నవారికి చివరకు అల్లం సోడా కాక, తీపి తగ్గి మద్యం చేరిన మరో పానీయం మిగులుతుంది. కాబట్టి ముల్లు ఒక బారును తాకిన వెంటనే కెగ్గును ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడిని బట్టి దీనికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టవచ్చు.

నిర్ధారణకు హైడ్రోమీటరు, అంటే ద్రవంలో తేలుతూ దాని సాంద్రతను చూపే గాజు పరికరం, వాడండి. తోడు కలిపినప్పుడు చూపిన అంకె సుమారు 1.024 ఉంటుంది. 0.001 తగ్గితే సుమారు 0.13 శాతం మద్యం చేరినట్లు లెక్క, కనుక 1.021 మన ఆఖరి గడప. నమూనాను రెండు గ్లాసుల మధ్య తిరగబోసి గ్యాసు పూర్తిగా పోయాకే కొలవండి, లేకుంటే బుడగలు హైడ్రోమీటరును పైకి లేపి తప్పు అంకె చూపుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో పులుపు ముందుకు ఉరుకుతుంది, ఈస్టు అల్లం ఘాటును మింగేసే వాసనలు పుట్టిస్తుంది. కెగ్గును కడప బండలు పరిచిన చల్లని గదిలో ఓ మూల పెట్టి, చుట్టూ తడి గోనెసంచి కప్పి, పూటకొకసారి నీళ్లు చల్లుతూ ఉంటే పొడిగాలి ఆ తడిని ఆవిరిగా లాక్కుంటూ లోపలి వేడిని తగ్గిస్తుంది. కూజాలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఈ ఉపాయం అంతగా పనిచేయదు, అయితే అప్పటికి దాని అవసరమూ తగ్గుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టిన మరునాడు గేజీ చూసి చాలామంది కంగారుపడతారు, ఎందుకంటే ఒక బారు చూపిన ముల్లు దాదాపు సున్నాకు పడిపోయి ఉంటుంది. అది లీకు కాదు. ఒకే పీడనం కింద 30 డిగ్రీల నీటిలో కరిగేదానికన్నా 5 డిగ్రీల నీటిలో రెట్టింపుకు పైగా కార్బన్ డయాక్సైడు కరుగుతుంది. చల్లబడిన నీరు పైనున్న గ్యాసును తనలోకి తీసుకుందన్నమాట. గ్యాసు ఎక్కడికీ పోలేదు, పానీయంలోనే ఉంది. అయితే పీడనం ఇంత తగ్గినప్పుడు మూత రింగు సరిగా అదమక, నిజంగానే లీకయ్యే అవకాశం ఉంది. అనుమానం ఉంటే కెగ్గును ఫ్రిజ్‌లోంచి తీయకుండానే మళ్లీ సబ్బునీళ్లతో చూడండి. కరెంటు పోయి కెగ్గు మళ్లీ వేడెక్కితే ఈస్టు తిరిగి మేల్కొంటుంది కనుక, ఫ్రిజ్‌లో ఉన్నంతకాలమూ స్పండింగ్ వాల్వును విప్పవద్దు.

మూతను తెరవాల్సి వస్తే ముందు పైనున్న వాల్వు రింగును లాగి, చప్పుడు పూర్తిగా ఆగేవరకు గ్యాసును వదలండి. పీడనం ఉన్న కెగ్గు మీద గొట్టపు ముక్కులను రెంచితో ఎన్నడూ తిప్పకూడదు.

ఇలా సహజంగా వచ్చిన బుడగ మృదువుగా ఉంటుంది, అంగడి సోడా అంత చురుకుగా ఉండదు. మద్యం పెంచకుండా దాన్ని ఆ స్థాయికి తేవాలంటే కార్బన్ డయాక్సైడు సిలిండరు, రెగ్యులేటరు కావాలి. 5వ పాఠం వాటి గురించే. అప్పటిదాకా కెగ్గును 5 డిగ్రీల దగ్గర కదపకుండా ఉంచి, తోడు మడ్డి అడుగున దిగనివ్వండి.