జనరల్ నుంచి గవర్నర్ దాకా: కె.వి. కృష్ణారావు గారి జీవితాన్ని ఒక్క చార్టు మీదకి తేవడం ఎలా

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి. దేశంలో పెద్ద బాధ్యతలు మోసిన తెలుగువాళ్లలో ఒకరి గురించి చార్టు చేసుకురమ్మని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. అది జనరల్ కె.వి. కృష్ణారావు గారిని ఎంచుకుంది, నాకు చాలా సంతోషం వేసింది. కానీ మొదటిరోజు రాసుకొచ్చిన కాగితం చూస్తే పేజీ నిండా పదవుల పేర్లే, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి, చదివితే మనిషి కనపడడు. ఆ ఆదివారం ఇద్దరం హాల్లో నేలమీద కూర్చుని మొదటినుంచీ మళ్లీ చేశాం. మీ ఇంట్లో పిల్లలకో మీకో ఇలాంటి పని పడితే పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. సైన్యంలో పనిచేసి తర్వాత గవర్నర్ అయినవాళ్లు ఎవరికైనా ఇది సరిపోతుంది.

ముందు మొదలూ చివరా రాసుకోండి, మధ్యలో సంగతులు తర్వాత. పూర్తి పేరు కోటికలపూడి వెంకట కృష్ణారావు, 1923 జూలై 16న విజయవాడలో పుట్టారు, 2016 జనవరి 30న ఢిల్లీలో కన్నుమూశారు. 1942 ఆగస్టులో మహర్ రెజిమెంటులో అధికారిగా చేరారు, అంటే ఒకపక్క క్విట్ ఇండియా ఉద్యమం మొదలైన నెలలోనే ఇంకోపక్క పంతొమ్మిదేళ్ల కుర్రాడు యూనిఫాం వేసుకున్నాడు. 1981 జూన్ 1న ఆర్మీ చీఫ్ అయ్యారు, 1983 జూలై 31న రిటైరయ్యారు, అప్పటికి అరవై నిండి రెండు వారాలు.

తర్వాత హోదా పక్కనే ఆయన చేతికింద ఎంత సైన్యం ఉందో రాయండి, ఎందుకంటే మనలో చాలామందికి మేజర్‌కీ మేజర్ జనరల్‌కీ తేడా తెలియదు, పిల్లలకైతే అసలు తెలియదు. బెటాలియన్ అంటే సుమారు ఎనిమిది వందల మంది, దాన్ని కర్నల్ స్థాయి అధికారి నడుపుతారు. అలాంటివి మూడో నాలుగో కలిస్తే బ్రిగేడ్, దానికి బ్రిగేడియర్. బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, దానికి మేజర్ జనరల్. ఆపైన కోర్, దానికి లెఫ్టినెంట్ జనరల్. అన్నిటికీ పైన చీఫ్, ఆయన పూర్తి జనరల్. లెఫ్టినెంట్ జనరల్‌నీ జనరల్‌నీ కలిపేసి రాయడం పేపర్లలో కూడా చూస్తుంటాం, అది చేయకండి. ఇంకో మాట, గవర్నర్ జనరల్ అనేది సైనిక హోదా కాదు, బ్రిటిష్ కాలం నాటి పరిపాలన పదవి. మా పాప అదే రాసింది, ఆర్మీ జనరల్ గవర్నర్ అయితే గవర్నర్ జనరల్ అవుతారనుకుంది పాపం.

ఇప్పుడు అసలు పని. భారతదేశం అవుట్‌లైన్ మ్యాపు ఒకటి, రెండు రంగుల స్కెచ్ పెన్నులు తెచ్చుకోండి. సైన్యంలో ఉండగా ఎక్కడెక్కడ పనిచేశారో నీలంతో చుక్క పెట్టి సంవత్సరం వేయండి. 1969-70లో జమ్మూలో 26వ ఇన్‌ఫాంట్రీ డివిజన్. 1970-72లో నాగాలాండ్, మణిపూర్ వైపు 8వ మౌంటెన్ డివిజన్. 1971 యుద్ధంలో ఆ డివిజనే త్రిపుర సరిహద్దు నుంచి ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలోకి వెళ్లింది. డిసెంబర్ 7న గూర్ఖా బెటాలియన్‌ని హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దించారు, మన సైన్యం హెలికాప్టర్లతో అలాంటి దాడి చేయడం అదే మొదటిసారి. ఆ తర్వాత 1974 నుంచి మళ్లీ జమ్మూ, ఈసారి కోర్ కమాండర్‌గా.

నీలం అయ్యాక ఎరుపు తీయండి. 1984 జూన్ నుంచి 1989 జూలై దాకా నాగాలాండ్, మణిపూర్, త్రిపుర మూడింటికీ గవర్నర్. 1989 జూలై నుంచి 1990 జనవరి దాకా జమ్మూ కశ్మీర్, మళ్లీ 1993 మార్చి నుంచి 1998 మే దాకా అక్కడే.

మా పాప ఎరుపు చుక్కలు పెడుతూ పెడుతూ చేయి ఆపేసింది. "బాబాయ్, నీలం మీదే పడుతున్నాయేంటి?" అంది. నిజంగానే మ్యాపు ఈశాన్యం మూలన రెండు రంగులూ కలిసి ఊదారంగు మరక అయింది, జమ్మూ దగ్గర ఇంకొకటి. పేరాలో ఎంత చదివినా కనపడని విషయం అదే. ఆయన్ని తెలియని చోటికి పంపలేదు, తుపాకీ పట్టుకుని తిరిగిన నేలకే మళ్లీ పంపారు. మీ చార్టుకి ఈ మరకే గుండెకాయ, దాన్ని తుడవకండి.

అక్కడే ఒక ప్రశ్న వస్తుంది, ఒక్క మనిషి మూడు రాష్ట్రాలకి గవర్నర్ ఎలా అయ్యారని. రాజ్యాంగం 153వ అధికరణం ప్రతి రాష్ట్రానికీ గవర్నర్ ఉండాలంటుంది, ఒకే వ్యక్తిని రెండు మూడు రాష్ట్రాలకి నియమించవచ్చని 1956లో 7వ సవరణతో చేర్చారు. గవర్నర్‌ని నియమించేది రాష్ట్రపతి, సైన్యం కాదు. గవర్నర్ అయ్యాక సైన్యానికి ఆర్డర్లు ఇచ్చే అధికారం ఆయనకి లేదు, ఈ వాక్యం చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయండి. మామూలుగా గవర్నర్ మంత్రివర్గం సలహా ప్రకారం నడుచుకోవాలి. అయితే నాగాలాండ్ విషయంలో 371ఎ అధికరణం శాంతిభద్రతల మీద గవర్నర్‌కి ప్రత్యేక బాధ్యత ఇచ్చింది, మణిపూర్ కొండ ప్రాంతాల గురించి 371సి కూడా గవర్నర్‌కి ఒక ప్రత్యేక బాధ్యత పెట్టే వీలు కల్పించింది. సైన్యంలో పనిచేసినవాళ్లని ఇలాంటి రాష్ట్రాలకి ఎందుకు పంపుతారో ఈ రెండూ చదివితే చాలావరకు అర్థమవుతుంది.

కశ్మీర్‌కి మాత్రం విడిగా ఇంకో షీటు తీసుకోండి, ఒక్కదాంట్లో ఇరికిస్తే అన్యాయం. రెండు సార్లు చేసిన గవర్నర్ పదవి పేరుకి ఒకటే కానీ పని ఒకటి కాదు. మొదటిసారి ఎన్నికైన ప్రభుత్వం ఉంది, ముఖ్యమంత్రిగా ఫరూక్ అబ్దుల్లా ఉన్నారు. 1989 డిసెంబర్‌లో కేంద్ర హోంమంత్రి కూతురి కిడ్నాప్ జరిగింది, తర్వాతి నెలలో జగ్‌మోహన్‌ని గవర్నర్‌గా వేశారు, కృష్ణారావు గారు దిగిపోయారు. రెండోసారి వచ్చేటప్పటికి అసెంబ్లీ లేదు, ముఖ్యమంత్రి లేడు, 1990 నుంచి రాష్ట్రం కేంద్రం పాలనలోనే ఉంది, పరిపాలన భారమంతా గవర్నర్ మీదే పడింది.

ఆ రెండో విడతని మెరిసే మాటలతో నింపేయకండి, దయచేసి. 1993 అక్టోబర్‌లో శ్రీనగర్ హజ్రత్‌బల్ దర్గాలో మిలిటెంట్లు చేరితే బలగాలు చుట్టుముట్టాయి, నెల దాటాక లోపలివాళ్లు లొంగిపోయి బయటికొచ్చారు, దర్గాలోకి తుపాకులతో దూసుకెళ్లకుండానే అది ముగిసింది. అదే సమయంలో, అక్టోబర్ 22న బిజ్‌బెహారాలో నిరసనకారుల మీద బలగాలు కాల్పులు జరిపితే పదుల సంఖ్యలో జనం చనిపోయారు. 1995 మేలో చరారె షరీఫ్ దర్గా కాలిపోయింది. ఇవన్నీ ఆయన గవర్నర్‌గా ఉన్న రోజులే. మొదటిది రాసి మిగతా రెండూ వదిలేస్తే అది చార్టు కాదు, సన్మాన పత్రం. పిల్లలు కదా అని దాచాల్సిన అవసరం లేదు, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి అంతే. నేను ఆ వయసులో ఉన్నప్పుడు ఎవరైనా ఇలా రెండు వైపులా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

1995 జనవరి 26 తేదీకి కూడా ఒక పెట్టె కట్టండి. జమ్మూ మౌలానా ఆజాద్ స్టేడియంలో గణతంత్ర దినోత్సవ సభ, గవర్నర్ మాట్లాడుతుండగా బాంబులు పేలాయి. ఎనిమిది మంది చనిపోయారు, ఆయన బతికి బయటపడ్డారు. ఆ తర్వాత కూడా మూడేళ్లకు పైగా అదే పదవిలో ఉన్నారు. 1996లో అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి, ఆ అక్టోబర్‌లో ఫరూక్ అబ్దుల్లా మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, దాంతో ఆరేళ్లకు పైగా సాగిన కేంద్రం పాలన ముగిసింది. నా దృష్టిలో ఆయన గవర్నర్‌గిరీలో అన్నిటికన్నా బరువైన పని ఆ ఎన్నికలు జరిగేదాకా రాష్ట్రాన్ని తీసుకురావడమే, అందుకే ఆ సంవత్సరం కింద రెండు గీతలు గీయించాను.

చివరగా కొలతల సంగతి. మాకు ఒక చార్టు చాలలేదు, రెండు షీట్లు వెనక నుంచి టేపుతో అతికించాం, మ్యాపు ఎడమవైపు, కశ్మీర్ షీటు కుడివైపు. పేరు పైన "జనరల్" అని పూర్తిగా రాయండి, పొట్టి అక్షరాలు వద్దు. నీలం పెన్ను ముందు, బాగా ఆరాకే ఎరుపు. మేం తొందరపడ్డాం, త్రిపుర దగ్గర కాగితం కాస్త చిరిగింది.