బీడిల్ కథల బుక్కు ఆగమాగం చదవకుండ్రి, గిట్ల చదువుండ్రి

హ్యారీ పాటర్ ఏడు బుక్కులు అయిపోయినంక పిల్లలు ఇంకేం లేదా అని మొకం చిన్నగ చేస్తరు గదా, అప్పుడు తియ్యాల్సింది 'ది టేల్స్ ఆఫ్ బీడిల్ ద బార్డ్'. 2008 డిసెంబర్ల వచ్చింది, సన్నటి బుక్కు, ఐదే కథలు. ఏడో బుక్కుల మంత్రాల బడి పెద్దసారు డంబుల్‌డోర్ వీలునామాల హ్యారీ దోస్తు హెర్మయినీకి రాసిపోతడే, గదే బుక్కు అన్నట్టు. జల్ది అయిపోతది, దాంతోనే తిప్పలు. నేనైతే కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ వచ్చేలోపట మొత్తం చదివేసిన, దిగినంక ఏం చదివినవే అంటే ఒక్క కథ సక్కగ యాదికి లేదు.

అందుకే రాత్రికి ఒక్కటే కథ. దసరా సెలవుల్ల అయితే మస్తు కుదురుతది, బతుకమ్మ ఆడొచ్చి తిని పండుకునే టైంల.

కానీ ఆరో బుక్కు చదవని పిల్లలుంటే ముందుమాట మాత్రం తెరవకుండ్రి, ఆస్ట్రానమీ టవర్ మీద ఏం జరిగిందో అండ్లనే బయటపడుతది. నేను చూసుకోకుండ గట్టిగ చదివిన, మా అక్క కొడుకు రెండు రోజులు నాతోటి మాట్లాడలే.

ఇంగ్లీష్‌ల ఉన్నది ఉన్నట్టు చదువుడు కన్నా మన మాటల్ల చెప్పుకుంట పోతేనే మజా. మా నాయనమ్మ సాత్రం చెప్పేటప్పుడు ఊ కొట్టకపోతే ఆడికే ఆపేసేది, గదే రూల్ పెట్టుండ్రి, పిల్లలు నిద్రపోయిన్రా వింటున్నరా ఎరుకైతది. మొదటి కథ దీనికి కరెక్టు. మంత్రగాడు సచ్చిపోతే కొడుక్కి ఒక పాత గంజు, దాంట్ల ఒక్క చెప్పు మిగుల్తయి. వానికేమో ఊరోళ్లంటే పడది, సాయం అడగొస్తే తలుపేస్తడు. మనుమరాలికి పులిపిర్లు లేసినయని వచ్చిన ముసలమ్మను వెళ్లగొడితే గంజుకే పులిపిర్లు లేస్తయి, ఇత్తడి పాదం మొలుస్తది, గాడిద పోయిందని ఒకాయన ఏడ్సుకుంట వస్తే గంజు గాడిద లెక్క ఓండ్రపెడ్తది. నేను దీన్ని దుంకుడు గంజు అన్న, అన్నం గంజు తెచ్చి బండల మీద టంగు టంగున కొట్టుకుంట చెప్పిన, కిందింటోళ్లు వచ్చి ఏమైందని అడిగిన్రు గానీ పిల్లలు మాత్రం ఇప్పటికీ ఆ ఒక్క కథనే అడుగుతరు.

ప్రతి కథ వెనుక డంబుల్‌డోర్ రాసిన నోట్స్ ఉంటయి. కథ కాంగనే చదవకుండ్రి, తెల్లారి చాయ్ టైంకు ఉంచుండ్రి, ముందు పిల్లలనే ఏమనిపించిందో చెప్పనియ్యుండ్రి. రెండో కథల ముగ్గురు మంత్రగత్తెలు, ఒక సైనికుడు అదృష్టం ఇచ్చే నీళ్ల బుగ్గ కోసం పోతరు, చివరికి ఆ నీళ్లల్ల మంత్రమే ఉండదు, కానీ ఆ సంగతి వాళ్లకు ఎన్నడూ తెల్వది. దీన్ని డంబుల్‌డోర్ బడి హాగ్వర్ట్స్‌ల నాటకమేస్తే ఎంత ఆగమైందో నోట్స్‌ల ఉంటది, అది చదివి నవ్వి నవ్వి పొలమారింది.

మూడోది, వెంట్రుకల గుండెకాయ కథ, పదేండ్ల లోపు పిల్లలకు వద్దే వద్దు, నెత్తురు ఉంటది. చెప్పాల్నంటే పగటిపూట చెప్పుండ్రి. నాలుగోది బట్టలుతికే అవ్వ, తెలివి లేని రాజు కథ, అది ఎట్ల చెప్పినా నడుస్తది.

ఆఖరుది ముగ్గురన్నదమ్ములు, వాళ్లకు సావే మనిషి లెక్క ఎదురైతది, పెద్దోడు దానితోని ఎవ్వలూ గెలువలేని మంత్రదండం అడిగి తీసుకుంటడు. పెద్దోళ్లకు అసలు మజా ఇక్కడ. నోట్స్‌ల డంబుల్‌డోర్ ఆ మంత్రదండం గురించి ఏమెరగనట్టు రాస్తడు, ఏడో బుక్కు చదివినోళ్లకేమో తెలుసు, ఆ దండం అప్పటికే ఆయన చేతులనే ఉందని. రెండోసారి చదివితే లైన్ లైన్‌కు దొరికిపోతడు ముసలాయన. 2010ల వచ్చిన హ్యారీ పాటర్ సినిమాల ఈ కథకు నీడల లెక్క బొమ్మలేసిన్రు, అది మస్తుంటది గానీ కథ చెప్పినంకనే చూపియ్యుండ్రి, ముందే చూస్తే పిల్లల తలకాయల సావుకు అదే మొకం ఫిక్సయిపోతది. మా అక్క కొడుకుకు ముందు కథే చెప్పిన, సావు ఎట్లుంటది రా అంటే, మా ఇంటికి కరెంటు బిల్లు కొట్టనీకి వచ్చే అంకుల్ లెక్క అన్నడు.