డ్రిప్పులో సున్నం పేరుకుంటే వదిలించిన తీరు

మిరప తోటలో లేటరల్ (మొక్కల వరుస వెంట పరిచే సన్న పైపు) చివరి మొక్కలు వాడుతున్నాయి, మోటారు మాత్రం బాగానే పోస్తోంది. డ్రిప్పర్ కోసి చూస్తే లోపల తెల్లటి గరుకు పెచ్చు. యాసిడ్ చుక్క వేస్తే బుస్సుమని పొంగింది. అంటే బోరు నీటి సున్నం. జిగటగా ఉంటే అది పాకుడు, దానికి బ్లీచింగ్ పెట్టాలి.

ముందు ఫిల్టర్ కడిగి, సబ్‌మెయిన్ (లేటరళ్లకు నీళ్లిచ్చే పెద్ద పైపు) ఫ్లష్ వాల్వు తెరిచి నీళ్లు తేటపడేదాకా వదిలాను. లీటరు బోరు నీటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొంచెం కొంచెం వేస్తూ పీహెచ్ (నీటి పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 4కి దిగడానికి ఎంత పడుతుందో చూసుకోవాలి. ఎకరానికి ఇన్ని లీటర్లని పక్క రైతు చెప్పే లెక్క నమ్మొద్దు, ఏ బోరు నీరు ఆ బోరుదే.

ప్లాస్టిక్ బకెట్లో ముందు నీళ్లు, తర్వాతే యాసిడ్. తిరగేస్తే ముఖం మీదికి చిమ్ముతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పవు. ఆ యాసిడ్ నీళ్లను వెంచురీతో (పైపులోకి మందు లాగే పరికరం) ఎక్కిస్తూ, చిట్టచివరి డ్రిప్పర్ దగ్గర పీహెచ్ కాగితం 4 చూపగానే మోటారు ఆపి 24 గంటలు వదిలేశాను.

మర్నాడు లేటరళ్ల చివరి మూతలు (ఎండ్ క్యాపులు) నాలుగైదు చొప్పున తీసి కడిగాను. అన్నీ ఒకేసారి తీస్తే ప్రెషర్ పడిపోయి పెచ్చులు లోపలే ఉండిపోతాయి. బ్లీచింగ్ కూడా కావాలంటే మరో రోజు పెట్టాలి. యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.