వర్ణాంధులకూ తెలిసే పటాలు – 3: నడుమ నుంచి ఇరువైపులకు

జనసాంద్రత వంటి, ఒకే దిశలో పెరిగే విలువలకు లేత నుంచి ముదురుకు సాగే రంగుల వరుస చాలునని గత పాఠంలో చూశాం. వర్షపాతం సాధారణం కంటే ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చూపవలసి వచ్చినప్పుడు ఆ వరుస సరిపోదు. నడుమ ఒక తటస్థమైన లేత రంగు, దానికి ఇటొకటి, అటొకటి ముదిరే రంగులు కావాలి. చాలామంది చేయి అలవాటుగా ఎరుపు, ఆకుపచ్చల మీదికే పోయేది ఇక్కడే.

పటాలకు తగిన రంగుల వరుసలను అందించే కలర్‌బ్రూవర్ అనే వెబ్ పరికరంలోని ఎరుపు–పసుపు–ఆకుపచ్చ ఐదు మెట్ల వరుసను తీసుకుందాం. ఒక కొసన ఉన్న ఎరుపులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు (ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు) 215, 25, 28 కాగా, రెండో కొసన ఉన్న ఆకుపచ్చలో అవి 26, 150, 65. వెబ్ సౌలభ్య ప్రమాణాల సూత్రంతో లెక్కగడితే ఈ రెంటి మధ్య వెలుగు నిష్పత్తి సుమారు 1.36 మాత్రమే (వెలుగులో తేడా ఏమీ లేకపోతే అది 1). ఇది ఆ వరుసను తయారుచేసినవారి పొరపాటు కాదు. నడుమ నుంచి సమాన దూరంలో ఉన్న విలువలు సమానంగా ముదరడమే ఇలాంటి వరుసకు ధర్మం. గత పాఠంలో మనల్ని ఆదుకున్న లేత–ముదురు తేడా ఇక్కడ దిక్కు చెప్పలేదు కాబట్టి, లోటా, మిగులా అన్నది తేల్చే భారమంతా రంగు మీదే పడుతుంది. ఎరుపు–ఆకుపచ్చ వర్ణాంధత్వం ఉన్నవారికి ఆ రెండూ మట్టిపసుపు ఛాయల్లోకి జారిపోతే, అనావృష్టి ఎక్కడో అతివృష్టి ఎక్కడో పటం చెప్పలేదు.

వారికి చెక్కుచెదరకుండా మిగిలేది నీలం–పసుపు తేడా. అందువల్ల ఒక కొస పసుపు వైపు మొగ్గే రంగు, రెండో కొస నీలం వైపు మొగ్గే రంగు అయివుండాలి. కలర్‌బ్రూవర్‌లోనే ఉన్న నారింజ–ఊదా వరుస ఇందుకు చక్కగా పనికొస్తుంది: నారింజ కొస 230, 97, 1, ఊదా కొస 94, 60, 153. ఊదాలోని ఎరుపు పాలు వారికి అందకపోయినా నీలం మిగులుతుంది. చూపుకు మరింత హాయిగా ఉండేది నీలం–నారింజ జత అని నా అభిప్రాయం.

సూచికలో, అంటే ఏ రంగు ఏ విలువకో చెప్పే పట్టీలో, అంకెల ముందు ప్లస్, మైనస్ గుర్తులు వేయండి. లోటు వైపు సన్నని ఏటవాలు గీతలు కూడా గీస్తే, నలుపు తెలుపు ముద్రణలోనూ లోటా, మిగులా అన్నది తెలుస్తుంది. అయితే చిన్న చిన్న ప్రాంతాల్లో ఈ గీతలు చిందరవందరగా కనిపిస్తాయి కనుక అక్కడ వాటిని మానేయడమే మేలు.

అభ్యాసం: మీ పాత పటాల్లో ఎరుపు, ఆకుపచ్చలు వాడినదాన్ని పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వ్యూ మెనూలోని ప్రివ్యూ మోడ్‌లో ప్రొటనోపియా, డ్యూటెరనోపియా (ఎరుపు–ఆకుపచ్చ వర్ణాంధత్వంలోని రెండు రకాలు) అనుకరణలను ఒకదాని తర్వాత ఒకటి ఎంచుకోండి. సూచికను చేత్తో మూసి, ఏవైనా ఐదు ప్రాంతాల్లో లోటా, మిగులా చెప్పడానికి ప్రయత్నించండి. తర్వాత రంగులు మార్చి, అవే ఐదు ప్రాంతాలను మళ్లీ చూడండి. సన్నని గీతలు, చిన్న చుక్కలు ఈ పరీక్షలో ఎందుకు తప్పుతాయో నాలుగో పాఠంలో చూద్దాం.