జీతాల బడ్జెట్ ఎందుకు దాటిందో హెచ్‌ఆర్ చెప్పగలగాలంటే

"అనుకున్నదానికంటే ఇద్దరు తక్కువే ఉన్నారు కదా, మరి జీతాల ఖర్చు పెరిగిందేమిటి?" ఫైనాన్స్ వాళ్లు ఇలా అడిగినప్పుడు చాలామంది హెచ్‌ఆర్‌లు నీళ్లు నములుతారు. హెచ్‌ఆర్ లెక్కపెట్టేది మనుషుల్ని. అకౌంట్స్ చూసేది ఏ నెల ఖర్చు ఆ నెలలో పడిందా అని. ఈ రెండు లెక్కలనూ కలపడం ముందు రావాలి. బ్యాలెన్స్ షీట్ చదవడం ఆ తర్వాత సంగతి.

మొదట ఒక్క ఉద్యోగి ఒక్క నెల జీతం లెడ్జర్‌లో, అంటే సంస్థ ఖాతాల పుస్తకంలో, ఎలా పడుతుందో చూడండి. స్థూల జీతం 50,000. పన్ను, రిటైర్‌మెంట్ నిధి కింద కోత 8,000. చేతికి వచ్చేది 42,000. ఆ నిధికి సంస్థ తన వాటాగా కలిపేది 6,000 అనుకుందాం.

డెబిట్: జీతాల ఖర్చు 50,000, యాజమాన్య వాటా 6,000.
క్రెడిట్: ఉద్యోగికి ఇవ్వాల్సింది 42,000, పన్నుకూ నిధికీ కట్టాల్సింది 14,000.

రెండు వైపులా 56,000. కొత్త పోస్టుకు అనుమతి అడిగే కాగితంలో ఈ అంకే ఉండాలి. చాలాచోట్ల 50,000 రాసేసి, తర్వాత సంజాయిషీ చెప్పుకుంటారు. ఆ 14,000 కట్టేదాకా అప్పుగానే నిలుస్తుంది. ఆ ఖాతాలో పాత నెలల బాకీ కనబడితే, చెల్లింపైనా తప్పి ఉండాలి, కోతైనా తప్పుగా పడి ఉండాలి.

ఇక బోనస్. ఏడాది చివర 60,000 ఇవ్వాల్సి ఉంటే, అకౌంట్స్ నెలకు 5,000 చొప్పున ప్రొవిజన్ పెడుతూ పోతుంది, అంటే ఇంకా చెల్లించకపోయినా ఆ నెల ఖర్చుగా రాస్తుంది. వాడుకోకుండా తర్వాతి ఏడాదికి జమయ్యే సెలవులకూ ఇదే పద్ధతి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 19 చెప్పేదీ అదే. కాబట్టి సెలవుల రిజిస్టర్ నెలాఖరుకు సరిచేయకపోతే ఆ నెల లాభం అంకె కూడా తప్పుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బడ్జెట్‌లో నెలకు 40 మంది, తలా 60,000: మొత్తం 24,00,000. నిజానికి ఉన్నది 38 మంది, సగటు 65,000: మొత్తం 24,70,000. 70,000 ఎక్కువైంది. దీన్ని రెండు ముక్కలు చేయండి.

సంఖ్య వల్ల వచ్చిన తేడా: ఇద్దరు తక్కువ, బడ్జెట్ రేటు 60,000. అంటే 1,20,000 ఆదా.
రేటు వల్ల వచ్చిన తేడా: మనిషికి 5,000 ఎక్కువ, ఉన్నది 38 మంది. అంటే 1,90,000 అదనం.

1,90,000లోంచి 1,20,000 తీసేస్తే సరిగ్గా ఆ 70,000 వస్తుంది. సంఖ్య తేడాను బడ్జెట్ రేటుతో, రేటు తేడాను అసలు సంఖ్యతో గుణించాలి. రెండింటికీ బడ్జెట్ అంకెలే వాడితే మొత్తం కలవదు. రేటు ఎందుకు పెరిగిందో వెతకడం మాత్రం హెచ్‌ఆర్ పనే: ఓవర్‌టైమా, ఖాళీలను ఎక్కువ జీతాలతో నింపడమా, జూనియర్లు వెళ్లిపోయి సీనియర్లు మిగలడమా? ఈ చివరిదాన్ని ఎవరూ గమనించరు. ఎవరికీ పైసా పెంచకపోయినా సగటు పెరిగిపోతుంది.

ఇంక్రిమెంట్ దగ్గర మరో మెలిక ఉంది. ఆర్థిక సంవత్సరం నాలుగో నెల నుంచి 8 శాతం పెంచితే ఆ ఏడాదిపై పడే భారం 6 శాతమే, ఎందుకంటే పెంపు అమలయ్యేది 9 నెలలు. మిగిలిన భారం మరుసటి ఏడాది దిగుతుంది. అప్పుడు కొత్తగా ఏమీ పెంచకపోయినా బిల్లు దాదాపు 1.9 శాతం పెరుగుతుంది. దీన్ని బడ్జెట్‌లో వేరే వరుసగా చూపించండి, లేకపోతే కొత్త ఇంక్రిమెంట్‌కు పెట్టిన డబ్బులోంచే అది తినేస్తుంది.

శిక్షణను "పెట్టుబడి" అంటూ ప్రతిపాదన రాయడం హెచ్‌ఆర్‌కు అలవాటు. మాటగా బాగానే ఉంటుంది కానీ, ఐఏఎస్ 38 ప్రకారం శిక్షణ ఖర్చును ఆస్తిగా చూపడానికి వీల్లేదు, అయినప్పుడే ఖర్చు రాయాలి. ఆ మాట మీద ఆశ పెట్టుకోకుండా, తప్పులు ఎన్ని తగ్గుతాయో, ఎన్ని గంటలు మిగులుతాయో అంకెల్లో చూపించండి.

నెలకోసారి మూడు జాబితాలు పక్కపక్కన పెట్టుకోండి: ఉద్యోగుల జాబితా, పేరోల్ రిజిస్టర్, జీతాల లెడ్జర్. మొదటి రెండూ పేరు పేరునా కలవాలి, రెండోదీ మూడోదీ మొత్తం కలవాలి. తేడా వస్తే ముందు ఈ మూడు చోట్ల చూడండి: ఉద్యోగం మానేసినా రిజిస్టర్‌లో మిగిలిపోయిన పేర్లు, విభాగం మారినా పాత కాస్ట్ సెంటర్‌కే (పాత విభాగం ఖర్చుల ఖాతాకే) పడుతున్న జీతాలు, ఉద్యోగుల జాబితాలో ఉండి, బిల్లు మాత్రం ప్రొఫెషనల్ ఫీజుల ఖాతాలో పడే కాంట్రాక్టు వాళ్లు.